ఎలా పోయాడో రాయని ఫ్లెక్సీ

మా యానాంలో పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, ఓణీల ఫంక్షన్‌కీ ఫ్లెక్సీయే, చావుకీ ఫ్లెక్సీయే. వాటి మీద అక్షరాలు కూర్చే పని నాది. ఊరందరి మంచీ చెడూ టైపు చేస్తూనే నా తల నెరిసింది. మా పనిలో ఎవరూ కొత్తగా ఏమీ రాయరు. పాత ఫైలు తెరిచి ఫొటో మారుస్తాం, పేరు మారుస్తాం, తేదీలు మారుస్తాం. హిందువులకైతే 'స్వర్గస్థులైనారు', క్రైస్తవులకైతే 'ప్రభువునందు నిద్రించిరి'. దాని కింద, ఎలా పోయారో చెప్పే ముక్క ఒకటి చిన్న అక్షరాల్లో ఉంటుంది: గుండెపోటుతో, అనారోగ్యంతో, రోడ్డు ప్రమాదంలో. మా వాళ్లు సైకిలాపి, ఒక కాలు నేల మీద పెట్టి, ముందు చదివేది ఆ ముక్కనే.

జవాన్లకి వేరే ఫైలుంది. మూడు రంగుల అంచు, పెద్ద అక్షరాల్లో 'వీరమరణం'. అడవిలో మందుపాతర పేలి చనిపోయిన ఒక కుర్రాడి కోసం ఒకసారి వాడాను. వాళ్ల నాన్న కొట్లోనే నిలబడి, రంగు ఆరీ ఆరని ఆ మాట మీద చెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. ఆ మాట ఆయనకి కాస్త ఆసరా ఇచ్చింది. నేను కాదనను.

ఆ తర్వాత కొన్నాళ్లకి కనకాలపేట నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమె తమ్ముడు చదువుకునే రోజుల్లోనే ఇల్లు వదిలి మావోయిస్టుల్లోకి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లకి టీవీలో కనిపించాడు. కనిపించాడంటే, పేరు కనిపించింది. మూడు పేర్లు, మధ్యలో రెండు 'అలియాస్'లు, అన్నిటికన్నా చివర తల్లి పెట్టిన పేరు. కింద ఎర్ర పట్టీలో 'ఎదురుకాల్పుల్లో మావోయిస్టులు హతం, భద్రతా దళాలకు భారీ విజయం'. ఏ చానల్ తిప్పినా అదే వాక్యం, కామాతో సహా. పోలీసులు పంపిన ప్రెస్ నోటుని విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు, వచ్చిన పొట్లాన్ని వచ్చినట్టే చేతిలో పెడతారు. వీళ్లు ఇక్కడ కారు మాట్లాడుకునేలోపే, బంధువులెవరూ రాలేదని అక్కడే పూడ్చేశారు.

"శవం ఎలాగూ రాలేదన్నయ్యగారూ. ఆదరణ కూడికకి మనుషులైనా రావాలి కదండి," అంది టీచరమ్మ. క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయాక పెట్టే ప్రార్థన అది. షామియానా వేస్తారు, పాటలు పాడతారు, ఇంటివాళ్లు పోయిన మనిషి గురించి మాట్లాడతారు, అందరికీ భోజనం పెడతారు. దానికి పిలుపుగా ఫ్లెక్సీ కావాలి. ఇంటర్ చదివేటప్పటి ఫొటో తెచ్చింది. పైబొత్తం దాకా పెట్టుకున్న తెల్లచొక్కా, నూనె రాసి అణిచి దువ్విన జుట్టు.

పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించెను. అంతవరకూ చకచకా కొట్టేశాను. చిన్న అక్షరాల చోట చెయ్యి అలవాటుగా 'ఎదురుకాల్పుల్లో' అని కొట్టింది.

"ఎదురుకాల్పులని మీకెవరు చెప్పేరండి?" అంది ఆమె.

"టీవీలో అన్నారు కదమ్మా."

"టీవీవోళ్లు చూసేరా? మావోడు కాల్చేడో లేదో నాకు తెలీదు, మీకూ తెలీదు. తుపాకీ గుండు తగిలి చనిపోయేడని రాయండి. మనకి తెల్సింది అదొక్కటే."

అలాగే కొట్టాను. తెర మీద ఆ ముక్కని ఇంకోసారి చదువుకున్నాను. ఎవరి తుపాకీ, ఎందుకు కాల్చారు అని చదివినవాడు అడిగి తీరతాడు. టీవీ మాటతో ఆ పేచీ లేదు, విన్నవాడు తల ఊపి అన్నం తినేస్తాడు. ఇంతలో మా ఓనరు వెనక నుంచి వంగి చూశాడు. నాకన్నా చిన్నవాడు, మంచివాడే.

"బాబాయ్, టీవీలో ఏం చెప్పేరో అదే ఎయ్యి. లేపోతే ఏం ఎయ్యకు. రేపొద్దున్న ఎవరన్నా వచ్చి అడిగితే ఏం చెప్తాం?"

ఇంకో మాట కోసం వెతికాను. బుర్ర నిండా టీవీ మాటలే తగిలాయి: హతం, ఏరివేత, ఆపరేషన్. ఇన్నేళ్లు తెలుగు అక్షరాలు అమ్ముకుని బతికినవాణ్ణి, ఒక మనిషి చావుకి నా సొంత మాట ఒక్కటి దొరక్క కూర్చున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

"ఒద్దులెండి, ఖాళీగా ఒదిలెయ్యండి," అంది టీచరమ్మ.

గోదారి గాలికి చిరిగిపోకుండా అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టి, కనకాలపేట మలుపులో ఫ్లెక్సీ కట్టారు. ఖాళీ వదిలితే జనం ఊరుకుంటారా? "ఎన్‌కౌంటరయ్యేడంట" అని వాళ్లే నింపుకున్నారు. మర్నాడు మామూలు బట్టల్లో ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి, ఫోనుతో ఫ్లెక్సీకి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ సంగతి సాయంత్రానికల్లా ఊళ్లో అగ్రహారం దాకా పాకింది.

కూడిక రోజున మనుషులు రాకపోలేదు. తోటి టీచర్లు, చుట్టుపక్కలవాళ్లు, ఆటోవాళ్లు, చాలామందే వచ్చారు. కానీ రోడ్డుకి అవతలే నిలబడిపోయారు. ఎండలో నిలబడ్డారు గానీ నీడన ఉన్న కుర్చీల్లోకి ఒక్కరూ వెళ్లలేదు, అక్కడ కూర్చుంటే ఏ ఫొటోలో పడతామో అని. నేనూ ఒక ఆటో పక్కన నిలబడ్డాను. పాస్టరుగారు ఇంటివాళ్లు నలుగురికే పాటలు పాడి ప్రార్థన చేశారు.

తర్వాత టీచరమ్మ మైకు తీసుకుంది. "మావోడికి లెక్కలు బాగా వచ్చేవండి. ఈదిలో పిల్లలందరికీ ఈడే చెప్పేవోడు. నాకు జొరమొస్తే బడి మానేసి నా దగ్గరే కూచునేవోడు," అంది. రోడ్డు మీదున్న మాలో ఒక్కరూ కదల్లేదు. ఆమె ఆగి, మా వైపు ఒకసారి చూసింది. గొంతు సవరించుకుని, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు, విడివిడిగా అంది: "మా తమ్ముడు ఆయుధాలు విడిచిపెట్టి జనజీవన స్రవంతిలో కలిసి ఉంటే ఈ రోజు బతికి ఉండేవాడు. ప్రభుత్వం అవకాశం ఇచ్చింది. మా తమ్ముడే వినలేదు. తప్పు మా తమ్ముడిదే."

ముందు ఒక ముసలాయన రోడ్డు దాటాడు. ఆయన వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక టీచర్లు, ఆటోవాళ్లు. చూస్తుండగానే కుర్చీలు నిండిపోయాయి. ఒకామె వెళ్లి టీచరమ్మని కౌగిలించుకుని బావురుమంది. టీచరమ్మ మాత్రం ఏడవలేదు. నమ్మే అందో, మమ్మల్ని లోపలికి పిలవడానికే అందో నాకీ రోజుకీ తెలియదు. ఒద్దమ్మా అని అరవాలనిపించింది. పాస్టరుగారు స్తోత్రం చెబితే అందరూ ఆమేన్ అన్నారు. వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే నేనూ వెళ్లి కూర్చున్నాను.