గంపలు ఖాళీ అయ్యేదాకా

1926లో బి.ఏ. ప్యాసై లాంతర్ల కంపెనీలో చేరాను. రెండు సంతల్లో ఒక్క లాంతరూ అమ్మలేకపోయాను. మూడో సంతా అంతే అయితే ఉద్యోగం ఊడుతుందని చెప్పారు.

ఆ మూడోది పాచిపెంట సంత. మా పెద్ద ఏజెంటుగారు కూడా వచ్చారు. ఎక్కడికి వెళ్లినా ముందు నేలమీద చతికిలబడటం ఆయన అలవాటు. అమ్మడానికి పసుపుకొమ్ముల గంపలతో కొండ దిగుతున్న ఆడవాళ్లకు నేను ఎదురువెళ్లబోతే, చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టారు.

"అప్పుడే నూట పన్నెండుమంది వచ్చారండీ, వ్రాసుకున్నాను" అన్నాను.

"మనుషుల్ని లెక్కెట్టినావు బాబూ. గంపల్ని సూసినావా? ఆల సరుకు అమ్ముడవకుండా నీ లాంతరెలాగ కొంటారు?"

మధ్యాహ్నం ఒక ముసలమ్మ ఖాళీ గంప దులిపి పక్కన పెట్టి, "నాకో దీపం తే, గుంటడా" అని పిలిచింది.

నేను ఆయనవైపు చూశాను. ఆయన లేవలేదు.

"ఎళ్లు బాబూ. నిన్నే పిలుస్తంది."