నాలుగో అంకె దగ్గర పగులు

జగ్గారావు మావయ్య కొట్టుకీ నా జిరాక్సు కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. ఆ చెక్క పైన జానెడు ఖాళీ ఉంది. నా ఫ్యాను గాలి ఆ ఖాళీలోంచి తన బల్ల మీదికి వస్తుందని ఆయన ఫిర్యాదు. ఆవగింజలో సగం ఉండే మరలు ఎగిరిపోతాయట. అందుకని ఆయన దగ్గర గడియారం ఏదైనా విప్పి ఉన్నప్పుడు, మే నెలైనా సరే, నేను ఫ్యాను ఆపుకుని చెమటలు కక్కుతూ కాగితాలు తీయాలి. ఏడేళ్ళ నుంచీ ఇదే వరస. మొదట్లో పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఆయన చెక్క మీద రెండుసార్లు తడితే నా చెయ్యి దానంతట అదే స్విచ్చి మీదికి పోతోంది.

ఆయన నాకు వరసకేమీ కాడు. చోడవరం బస్టాండు ఎదురుగా ఉన్న ఈ సందులో అందరూ మావయ్య అంటారు, నేనూ అంటాను. డెబ్బై రెండేళ్ళుంటాయి. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, నుదుటి మీద కంటి అద్దం పెట్టుకుని కూర్చుంటాడు. ఇప్పుడు వచ్చే బేరమంతా సెల్లు మార్చమనీ బెల్టు వెయ్యమనీనూ. ఆ పనులు చేసేటప్పుడు ఆయన మొహం చూడాలి, వేప్పుల్ల నమిలినట్టు ఉంటుంది. ఎప్పుడైనా కీ ఇచ్చే పాత గడియారం వస్తే మాత్రం మనిషి మారిపోతాడు. బాగవుతుందా అని అడిగితే అవుతుందనీ అనడు, కాదనీ అనడు, "సూద్దాం" అంటాడు. యాభై ఏళ్ళలో ఏ గడియారాన్నీ బాగుచేయలేనని తిప్పి పంపలేదని ఆయన గొప్ప. ఇంకో అలవాటు ఉంది. బాగుచేసిన ప్రతి గడియారం వెనక మూత లోపలివైపు సూదితో తన పేరులో మొదటి అక్షరమూ, ఆ సంవత్సరమూ గీస్తాడు. పాతకాలం పనివాళ్ళందరూ అలాగే చేసేవారట, తర్వాత విప్పినవాడికి ఎవరి చేతిలో పడిందో తెలియడానికి.

పోయిన దసరా వెళ్ళిన వారానికి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు అప్పలనరసమ్మ, రావికమతం దగ్గర ఊరు. స్టీలు టిఫిను డబ్బాలోంచి పసుపు గుడ్డ మూట తీసి, విప్పి, బల్ల మీద పెట్టింది. లోపల గొలుసుతో ఉన్న జేబు గడియారం. పైన అద్దం లేదు. తెల్లటి డయలు మీద నాలుగో అంకె దగ్గర గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది. అక్కడినుంచి నడిమధ్య దాకా పగులు. పగులు మామూలుగా నల్లగా ఉంటుంది కదా, ఇది ఎర్రగా, ఎవరో పెన్నుతో గీసినట్టు ఉంది.

ఊళ్ళో వాళ్ళ కబుర్లంటే నేను చెవి కోసుకుంటాను. మిషను ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

ఆ గడియారం ఆవిడ మావగారిదట. ఆయన తండ్రి రైలు రోడ్డు కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా చేసినప్పుడు బహుమానంగా వచ్చిందట. ఈవిడ కాపరానికి వచ్చిన ఏడాది, పుట్టింటికి వెళుతుంటే, దారిలో చోడవరంలో గడియారాల కొట్లో ఇచ్చి వెళ్ళమని మావగారు చేతికిచ్చాడు. నూనె వేయించడానికి. ఈవిడ చీర చెంగున ముడేసుకుంది. బస్సు దిగేటప్పుడు ఆ ముడి తలుపు ఊచకి తగిలింది. భయపడుతూనే, ముడి విప్పి దానివైపు సరిగ్గా చూడకుండానే కొట్లో ఇచ్చేసి వెళ్ళిపోయింది. వారం తర్వాత మావగారు తెచ్చుకోడానికి వెళితే, పగిలే వచ్చింది బాబూ అని కొట్టు అబ్బాయి చెప్పాడు. ఇంకేముంది, కొత్త కోడలు పగలగొట్టింది. తనకీ ఆ ఊచ దెబ్బ గుర్తుంది కాబట్టి, కాదని ఏ రోజూ అనలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో గ్లాసు పగిలినా నరసమ్మ చెయ్యి తగిలిందా అని అడిగేవారట. ఊళ్ళో ఇద్దరు నరసమ్మలు ఉంటే ఈవిడ గడియారం నరసమ్మ అయింది. ఏటా దసరాకి నాగలి, చెరుకు నరికే కత్తి, కొడవలి పక్కన ఈ గడియారాన్నీ పూజలో పెడతారు. ఇంటిల్లిపాదీ దానికి పసుపూ కుంకుమా పెడతారు, ఈవిడ తప్ప. ఈవిడ దూరంగా నిలబడి దండం పెట్టుకోవాలి. అద్దం ఎప్పుడో ఊడిపోయినా బొట్లు మాత్రం ఆగలేదు, తిన్నగా డయలు మీదే. ఆ తడి కుంకుమ యాభై ఏళ్ళుగా పగుల్లోకి దిగుతూ వచ్చింది. ఏ ఏటికాయేడు ఆ గీత ఇంకాస్త ఎర్రబడేది, ఈవిడ తప్పు అందరికీ ఇంకాస్త బాగా కనిపించేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

మొన్న దసరాకి ఆవిడ ఆడపడుచు అచ్చియ్యమ్మ, ఎనభై అయిదేళ్ళ మనిషి, పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి, ఈవిడ మనవడికి కొత్తగా వచ్చిన పెళ్ళాం ముందు అన్నదట, మా నాన్న గడియారం పగలగొట్టినదాని చేతి కూడే తినాల్సొచ్చింది నాకు అని.

"మాయన పోయేరు, అత్తమావలు పోయేరు. నాను పోయినా ఆ మాట ఉండిపోతాది బాబూ" అంది నరసమ్మ. "కొత్తగా వొచ్చిన గుంట ముందు కూడా అనిపించుకున్నాను. ఎలాగోలా అతికించీండి."

మావయ్య సూద్దాం అనలేదు. గడియారం మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. రెండు వారాలు ఆగి రమ్మని నేనే చెప్పి పంపించాను.

మధ్యాహ్నం చెక్క మీద చప్పుడైంది. ఫ్యాను ఆపాను. అది కాదు, ఇటు రమ్మన్నాడు. గడియారం వెనక మూత తీసి ఉంది. ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి చదవమన్నాడు. తీశాను. లోపలివైపు నాలుగైదు రకాల గీతలున్నాయి, ఏవో ఇంగ్లీషు అక్షరాలు. వాటి కింద తెలుగులో జ, పక్కన డెబ్బై నాలుగు.

"మావయ్యా, ఇది నీదే కదేటి?"

ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు ఆనక కాదు నన్ను పిలిచింది. ఇంకొకరి నోట వినాలని పిలిచాడు.

డెబ్బై నాలుగులో ఆయనకి ఇరవై రెండు. పాత బజారులో కొట్టు పెట్టి మూడు నెలలు. చేతి గడియారాలు తప్ప ముట్టుకోని మనిషికి అంత పాతది రావడం అదే మొదలు. మూత తీసిన వెంటనే ఉబలాటం కొద్దీ ముందే తన గుర్తు గీసేసుకున్నాడు. ఆ డయలు రాగి రేకు మీద గాజు పూత. వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి, వాటిని రెండు మరలు పట్టుకుని ఉంటాయి. ఒక మర వదులు చేశాడు, రెండోది ఉందని చూసుకోలేదు. రావడం లేదని అంచు కింద స్క్రూడ్రైవరు పెట్టి లేపాడు. పెచ్చు ఎగిరి వెళ్ళి గోడకి తగిలింది.

"కొత్త కొట్టు. పెద్ద రైతు. ఈడు పాడుసేసేడని తెలిస్తే మరెవడూ గుమ్మం ఎక్కడు" అన్నాడు. "పగిలే వొచ్చిందనీసేను. ఎవరు తెచ్చేరో, ఆ మనిషి గతేటో ఆలోచించలేదు."

నేను తెలివైనదాన్ని కదా, సలహా ఇచ్చాను. ఇప్పుడెందుకు మావయ్యా, డయలు చక్కగా చేసి ఇచ్చెయ్, ఆవిడ సంతోషంగా తీసుకెళుతుంది, చెబితే ఇన్నేళ్ళ బాధ కొత్తగా లేపినట్టు అవుతుంది అన్నాను. ఆయన పేరూ నిలుస్తుందని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. ఆయన కంటి అద్దం మళ్ళీ పెట్టుకుని డయలు మీదికి వంగాడు.

పన్నెండు రోజులు పట్టింది. నా ఫ్యాను పన్నెండు రోజులూ ఆగే ఉంది, అది వేరే సంగతి. ఈసారి రెండు మరలూ వదులు చేసి, ఊపిరి బిగబట్టి డయలు తీశాడు. సబ్బు నీళ్ళకి పసుపు పోయింది గానీ కుంకుమ కదల్లేదు. మెడికల్ షాపు నుంచి పళ్ళసెట్టు శుభ్రం చేసుకునే బిళ్ళలు తెమ్మన్నాడు. కట్టుడు పళ్ళ మీద మరక పోతే దీని మీదా పోవాలి కదా అని ఆయన లెక్క. గోరువెచ్చటి నీళ్ళలో బిళ్ళ వేసి డయలు ముంచితే బుసబుసమని నురగ వచ్చి, నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ముంచాడు. అలా తొమ్మిదిసార్లు. చివరికి పగులు వెంట్రుకంత సన్నగా, బూడిదరంగులోకి వచ్చింది. ఊడిన చోట తెల్ల రంగు కలిపిన అతుకుమందు పోసి, ఆరనిచ్చి, సన్న గరుకు కాగితంతో రోజుకింత చొప్పున అరగదీశాడు. నాలుగో అంకెలో పోయిన గీతల్ని మూడు వెంట్రుకల కుంచెతో నల్లగా దిద్దాడు. కుదరలేదని రెండుసార్లు తుడిచేసి మళ్ళీ దిద్దాడు. కొత్త అద్దం కోసం పాత డబ్బాలన్నీ వెతికాడు. యంత్రం కడిగి నూనె వేసి కీ ఇచ్చాక, ఆ శబ్దం చెక్క ఇవతల నాకూ వినిపించింది.

ఎప్పుడూ వెనక మూత మీద కొత్త సంవత్సరం గీసేవాడు, దీని మీద గీయలేదు.

నరసమ్మ చెప్పిన రోజుకే వచ్చింది, ఉదయం పదకొండింటికి. గడియారం చేతిలోకి తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి నాలుగో అంకె దగ్గర వేలితో రాసి చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహం చూసి నాకే ఏడుపొచ్చింది. చూశావా, నా మాటే నిజమైంది అని మావయ్య వైపు గర్వంగా చూశాను.

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "నాను పగలగొట్టింది మీరు అతికించేరు. మీకు పుణ్యముంటాది బాబూ" అంది.

మావయ్య లేచి నిలబడ్డాడు. బేరం వచ్చినప్పుడు ఆయన లేవగా నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు పగలగొట్టలేదమ్మా" అన్నాడు. "బాగానే తెచ్చేవు. నా సేతిలో పగిలింది. మీ మావగారికి అబద్ధం సెప్పేను."

మూత తీసి లోపలి గుర్తు చూపించాడు. రెండో మర సంగతి, గోడకి తగిలిన పెచ్చు సంగతి, అంతా చెప్పాడు. ఆవిడ నిలబడే విన్నది. తిట్టలేదు. నేను టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. బస్టాండులోకి రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. నేను ఆయనకిచ్చిన సలహా గుర్తొచ్చి సిగ్గుతో కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆవిడ గడియారాన్ని డబ్బాలో పెట్టుకుని అడిగింది, "ఈ మాట మా వొదినకి సెప్తారా?"

మావయ్య షట్టరు దించేశాడు. ఆయన మాట తడబడితే చెప్పడానికి ఒకరుండాలని నేనూ నా షట్టరు దించాను. నిజం చెప్పాలంటే చూడాలనిపించింది. షేర్ ఆటోలో రావికమతం వైపు ముగ్గురం వెళ్ళాం. దారిపొడుగునా గడియారం ఆవిడ ఒళ్ళో డబ్బాలో నడుస్తూనే ఉంది.

అచ్చియ్యమ్మ వీధి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మనవడి పెళ్ళాం చిన్నారి పక్కనే చేట పట్టుకుని ఉంది. మావయ్య చెప్పులు కింద విడిచి, అరుగు ముందు నిలబడి, తను ఎవరో, ఏం చేశాడో నెమ్మదిగా చెప్పాడు. అచ్చియ్యమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గట్టిగా సెప్పు నాయనా అంది. ఆవిడకి చెవుడని మాకు నరసమ్మ చెప్పలేదు. మరిచిపోయిందో, కావాలనే చెప్పలేదో నాకిప్పటికీ తెలీదు.

తన కొట్లో కూడా గొంతు పెంచి మాట్లాడని మనిషి, వీధి మధ్య నిలబడి అరిచాడు. గడియారం పగలగొట్టింది తనేనని, అబద్ధమాడాడని, నరసమ్మకి ఏ పాపమూ తెలియదని అరిచాడు. ఎదురింట్లోంచి ఇద్దరు బయటికొచ్చారు. నీళ్ళ బిందెతో వెళుతున్న మనిషి ఆగిపోయింది. మోటార్ సైకిల్ మీద పోతున్నవాడు ఇంజను ఆపి కాలు కింద పెట్టాడు.

ఈసారి అచ్చియ్యమ్మకి వినబడింది. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. నరసమ్మ వైపు చూసింది, చిన్నారి వైపు చూసింది.

"ఓలమ్మ, మరైతే నాను ఇన్నేళ్ళూ..." అని చింతపండు వైపు చూపు దించుకుంది.

నరసమ్మ అరుగు మెట్టు మీద కూర్చుంది.

"ఇంకోపాలి సెప్పండి బాబూ" అంది.

"ఆవిడకి ఇనబడిందమ్మా" అన్నాడు మావయ్య.

"తెలుసు. నాకోసం సెప్పండి."

మూడోసారి ఆయన అరవలేదు. మెట్టు దగ్గరికి వెళ్ళి, ఆవిడ పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, మొదటినుంచి చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా మొత్తం విన్నది.