వ్యాను చుట్టూ ధాన్యం

నా ఘనకార్యాల్లోకెల్లా ఘనమైనదొకటి చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. ఇందులో ఒక నవల, ఒక హత్య, ఇరవై బస్తాల ధాన్యం, ఒక వాన ఉన్నాయి. అన్నిటికీ కారణం నేనే. సరే, వానకి కాదు. కానీ ఆ రోజు ధాన్యం తాలూకు రైతు సూర్రావుగారు నన్ను చూసిన చూపు చూస్తే, దాన్ని కూడా నేనే వెంటబెట్టుకొచ్చానేమో అనిపించింది.

నాలుగేళ్ళ క్రితం మాట. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. రాజమండ్రిలో ఉద్యోగం మానేసి, పాత స్కూలు వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, అందులో మంచం, మడతబల్ల, గ్యాస్ పొయ్యి పెట్టించుకున్నాను. ఇక అదే ఇల్లు! గోదావరి జిల్లాలన్నీ తిరుగుతూ, ఎక్కడ ఆగితే అక్కడ కూర్చుని, రైతు జీవితం మీద మహానవల రాసేయడమే తరువాయి. రైతు జీవితం గురించి నీకేం తెలుసమ్మా అంటారా? వ్యానుకి కిటికీ ఉందండీ. పొలాలన్నీ అందులోంచి చక్కగా కనబడేవి.

భీమవరంలో ఒక పత్రికవాళ్ళు నవలల పోటీ పెట్టారు. ఫలానా రోజు సాయంత్రం ఐదింటికల్లా రాతప్రతి వాళ్ళ ఆఫీసులో ఉండాలి. ఏడాదిగా నేను బతుకుతున్నదే ఆ పోటీ కోసం. ఆ ఆఖరి రోజుకి నాకు ఆఖరి అధ్యాయం మిగిలింది. ముందురోజు సాయంత్రమే మొగల్తూరు దగ్గర చేల మధ్య పోయే ఒక పుంతదారిలో, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద వ్యాను ఆపుకున్నాను. అటూ ఇటూ చేలు, రాకపోకలు లేవు, రోడ్డు చీపురు పెట్టి ఊడ్చినట్టుంది. నిజంగానే ఎవరో ఊడ్చి ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. దాళ్వా, అంటే రెండో పంట, కోతల రోజుల్లో సిమెంటు రోడ్డు ఎందుకు ఊడుస్తారో ఇక్కడ పుట్టిన పసిపిల్లలకి కూడా తెలుసు. నేనూ ఇక్కడే పుట్టాను, అదీ సిగ్గు.

పొద్దున్న ఏడింటికి తెరలు దించుకుని ఉధృతంగా రాస్తుంటే తలుపు చప్పుడైంది.

"మేడంగారూ! బండి కాస్త పక్కకి తీస్తారా అండి?"

"ఇప్పుడు కుదరదండీ!" లోపల్నుంచే అరిచాను. "మనిషిని చంపుతున్నాను, మధ్యలో ఆపలేను!"

బయట ఒక అడుగు వెనక్కి పడిన చప్పుడు. తర్వాత భయం భయంగా, "ఎంతసేపు పడుతుందండి?"

"మధ్యాహ్నం దాకా! గట్టి మనిషి!"

మళ్ళీ ఎవరూ తలుపు తట్టలేదు. మావాళ్ళ మర్యాదే మర్యాద అని మురిసిపోయి, చెవుల్లో పాటలు పెట్టుకుని పనిలో పడ్డాను.

ఒంటిగంటకి ఆఖరి వాక్యం రాశాను. ఎగిరి గంతేశాను! మూడొందల పేజీలూ ఒక కవరులో పెట్టి మంచం కింద భద్రం చేసి, తలుపు తీసి, కాలు కింద పెట్టబోయి ఆగిపోయాను. రోడ్డు లేదు. ముందు ఆరబోసిన ధాన్యం, వెనక ధాన్యం, టైర్లని ఆనుకుని ధాన్యం. మధ్యలో నా వ్యాను లంకలా ఉంది.

కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్న ఒకావిడ నన్ను చూసి నిలబడిపోయారు. పేరు సత్యవతిగారని తర్వాత తెలిసింది.

"చచ్చిపోయాడాండి?" అన్నారు మెల్లగా.

"ఎవరండీ?"

"పొద్దున్న చంపుతున్నానన్నారు కదండీ."

"ఓ, అతనా! పోయాడండీ. నవల్లో."

"నవల్లోనా!" ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, రోడ్డు చివరనున్న భర్తని కేకేశారు. "ఏవండీ! నవల్లోనంట! ఇంక ఆ ఫోను జేబులో పెట్టేయండి!" నావైపు తిరిగి, "పోలీసులకి చెప్దామా వద్దా అని పొద్దుట్నుంచీ చేత్తోనే పట్టుకున్నారండి ఆయన."

"నేను ఐదింటికి భీమవరంలో ఉండాలండీ. మెల్లగా దీని మీంచి పోనిచ్చేస్తాను."

ఆ భర్తగారే సూర్రావుగారు, పరిగెత్తుకొచ్చారు. "టైరెక్కితే నూకైపోద్దండి! మూడింటికల్లా ఎత్తేస్తాం. ఈలోగా మీరు భోంచేయండి."

వ్యాను నీడలో కూర్చోబెట్టి, మామిడికాయ వేసిన పచ్చిరొయ్యల ఇగురుతో అన్నం పెట్టారు. అంత మంచివాళ్ళకి నేనేమివ్వగలను? ఆఖరి అధ్యాయం తీసి చదివి వినిపించాను. మోకాల్లోతు నీళ్ళలో కోత కోస్తూ హీరో కాలు జారి, తన కొడవలి మీద తానే పడతాడు. నీళ్ళు ఎర్రబడతాయి. కథానాయిక గట్టు మీద కుప్పకూలుతుంది. చదువుతూ నేనే ఏడ్చాను.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కోత టైముకి చేలో నీళ్ళేంటండీ?" అన్నారు సూర్రావుగారు. "ముందే తీసేస్తాం కదా, చేను ఆరాలని!"

"అది... సౌందర్యం అండి."

"సౌందర్యమే గానండీ, కోత మిషను దిగబడిపోద్ది."

నేను కాగితాలు మళ్ళీ కవరులో పెట్టి మంచం కిందకి తోసేలోగా పడమటినుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఇక చూడండి ఉరుకులు! "బరకాలు! బరకాలు!" అని కేకలు. పైన కప్పడానికి ఉన్న రెండు బరకాలూ సగం ధాన్యానికైనా చాలవు. చుట్టుపక్కల చేలలోవాళ్ళు కూడా వచ్చి పడి ధాన్యం బస్తాలకెత్తారు. నమ్మరేమో గానీ, నేనే అన్నాను: "వ్యానులో వేయండి! మంచం మీద వేయండి! బల్ల విరిగినా పర్లేదు!" జన్మలో ఎప్పుడూ అంత హుషారుగా పనిచెయ్యలేదు. ఆఖరి బస్తా లోపల పడిందో లేదో, వాన దంచి కొట్టింది.

పావుతక్కువ నాలుగుకి వెలిసింది. రోడ్డంతా ఖాళీ! నేను హాయిగా భీమవరం పోవచ్చు. కాకపోతే నా కవరు ఇరవై బస్తాల కింద ఉంది.

"దింపేస్తామండీ, మీ పని చెడకూడదు," అన్నారు సూర్రావుగారు. దింపితే తడి నేల మీదే దింపాలి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడాది కష్టం! డ్రైవరు సీట్లో కూలబడిపోయాను.

పక్కసీట్లో తల తుడుచుకుంటూ కూర్చున్న సత్యవతిగారు అప్పుడన్నారు: "ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నానండి. నీళ్ళు తీసేస్తే మీవాడు జారడుగా?"

"జారడు."

"జారకపోతే చావడుగా?"

 మూడొందల పేజీల విషాదం, గట్టుకి మడవ తీయగానే చేలో నీళ్ళతోపాటు కాలవలోకి పోయింది! ఫక్కుమని నవ్వొచ్చింది. వ్యాను భీమవరం వైపు కాకుండా వాళ్ళింటి వైపు తిప్పాను.

నవల మరుసటి ఏడు అచ్చయింది. బహుమతి రాలేదు గానీ హీరో బతికాడు, పెళ్ళి కూడా చేసుకున్నాడు. సత్యవతిగారు చదివి ఫోను చేశారు. "అంతా బాగుందండి. ఆ పెళ్ళిభోజనంలో పచ్చిరొయ్యలు వడ్డించలేదేంటండీ?"

కాబట్టి, నా పరుపులో ఇప్పటికీ గుచ్చుకుంటున్న ధాన్యపు గింజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు తలుపు తట్టినా, ఎంతటివాణ్ణి చంపుతున్నా సరే, సగంలో వదిలేసి బయటికొచ్చి చూస్తాను. చేలో నీళ్ళు తీశారని సూర్రావుగారు చెప్పేదాకా ఏ హీరో చేతికీ కొడవలి ఇవ్వను.