జీపులో దొరికిన ఢోలక్

మొన్న కల్లూరు సెంటర్‌లో టీ తాగుతుంటే, పక్కన ఆగిన కారులోని పాట దెబ్బకి నా గ్లాసులో టీ వణికింది. అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం మా బావ, అంటే మా అక్క మొగుడూ, ఆయన పాత జీపూ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నాన్న భజనల్లో పాడేవాడు. ఢోలక్ వాయించేది మా ఊరి దర్జీ; మేమంతా చిచ్చా అనేవాళ్ళం. ఇద్దరూ ఒకసారి ఖమ్మం వెళ్ళి క్యాసెట్ రికార్డు చేయించుకొచ్చారు. ఇంట్లో చిన్న టేప్‌రికార్డరులో వేస్తే నాన్న గొంతు, తాళాలు ఖంగుమన్నాయి గానీ, ఢోలక్ అట్టపెట్టె మీద గోటితో కొట్టినట్టుంది. "మైకు నీ మూతికాడనే పెట్టుకున్నవ్" అని చిచ్చా లేచిపోయాడు. అంతే, ఏళ్ళ తరబడి మాటల్లేవు.

చాలా ఏళ్ళకి బావ ఆ క్యాసెట్‌ను పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. జీపుకి ఆంప్లిఫయరు బిగించాలని ఆయన పిచ్చి. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం మొదలుపెట్టాం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, ఎర్ర తీగను సీట్ల కిందుగా లాగాం. నల్లటి ఎర్త్ తీగను నేను జీపు ఇనుప బాడీకి బిగించాను. సన్నటి శబ్దాలను చిన్న స్పీకరుకీ, బరువైన వాటిని పెద్దదానికీ విడదీసి పంపే క్రాసోవర్ డబ్బీని మధ్యలో కలిపాం. ఇంజను స్టార్ట్ చేయగానే స్పీకర్లలో కుయ్‌మని ఈల! యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా పెరుగుతోంది. "నల్ల తీగను రంగు మీదనే బిగించినవేందిరా! గీకు, జల్దీ గీకు!" అని బావ అరిచాడు. రంగు పోయి ఇనుము తళుక్కుమనేదాకా గీకి మళ్ళీ బిగించాను. ఈల ఆగిపోయింది.

నాన్న పాట పెట్టాం. గొంతు వెనకనుంచి ధిమ్, ధిమ్మని సీటు అదిరింది. గడ్డం చేసుకుంటున్న నాన్న నురగ మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. "గిది వాని చెయ్యే! టేపుల ఉన్నదిరా! అల్లుడా, పోనీయ్ వాని కొట్టుకాడికి!"

మమ్మల్ని చూసి కూడా చిచ్చా కుట్టుమిషను ఆపలేదు. బావ సౌండు పెంచాడు. కొట్టు రేకులు గడగడలాడాయి. చిచ్చా కాలు ఆగింది. మెల్లగా వచ్చి పెద్ద స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏందిది... నాదేనా?"

"నీది కాక ఎవనిది? ఇన్నేండ్లు నన్ను దొంగను చేసినవ్" అన్నాడు నాన్న.

"అవ్, నాదే!" అంటూ చిచ్చా మెడలో కొలత టేపుతోనే జీపెక్కాడు. "మళ్ల పెట్టు, మొదటికెల్లి!"

ఆ ఊపులో భద్రాచలం దారి పట్టాం. అడవి మధ్యలో నాన్న తన పాటతో తానే పోటీపడి పాడుతున్నాడు, చిచ్చా డాష్‌బోర్డు మీద వాయిస్తున్నాడు. వెనక నేను ఆంప్లిఫయరు వేడెక్కుతోందేమోనని తడిమి చూసుకుంటూనే హుషారుగా కేకలు వేస్తున్నాను. అలకలో పోగొట్టుకున్న ఆ ఏళ్ళను కాలం వాళ్ళకు తిరిగివ్వలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరిలో ఎవరూ వాటిని తిరిగి అడగనూ లేదు.