ఒకటి, అడ్డగీత, ఇరవై

పోయినవన్నీ ఒకచోట కూడితే ఇవి: మూడేళ్ల లా కాలేజీ, అందులోని ఆరు సెమిస్టర్లు, కొలతలైనా ఇవ్వని ఒక నల్లకోటు, గోరంత అడ్డగీత. ఈ లెక్కను మళ్లీ తీయకుండానే ఉందును గానీ, పోయిన వారం జనగామలో ప్యాంటు పొడవు తగ్గించుకుందామని దర్జీ దగ్గరికి వెళితే, ఎవరో కొత్త వకీలు కోసం కుట్టిన కోటు అక్కడ కొక్కేనికి వేలాడుతూ కనిపించింది. నా చూపు దాని మీదనే ఉందని కనిపెట్టిన దర్జీ, "తొడిగి చూడు సార్, పైసలేం అడుగ" అని నవ్వాడు. తొడిగాను. భుజాలు సరిగ్గా కుదిరాయి. చేతులు మాత్రం అరంగుళం పొడవు.

పాత పహాణీ రికార్డుల్లో భూమిని ఎకరాలు, గుంటలుగా రాసి మధ్యలో చిన్న అడ్డగీత గీయడం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1-20 అంటే ఎకరా ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి ఎకరంన్నర. ఈ లెక్క నాకు బడి నేర్పలేదు, రఘునాథపల్లిలో మా చేను గెట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో వేసుకుని నేర్చుకున్నాను. తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినా అన్నం పెట్టింది ఆ మట్టి లెక్కే. దాని పుణ్యాననే భూపాలపల్లి దగ్గర గోదాములకు భూములు కొంటున్న ఒక ప్రైవేటు సంస్థలో గుమాస్తాగా కుదిరాను. అక్కడ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే తొందరలో, ఒక అవ్వ భూమి దగ్గర అడ్డగీతకు బదులు చుక్క పెట్టాను. కంప్యూటరుకు గుంటలు తెలియవు. 1.20ని అది ఎకరా ఎనిమిది గుంటలుగా లెక్కగట్టింది. భూమంతా సంస్థ పేరున రిజిస్ట్రీ అయింది, పైసలు మాత్రం ఆ లెక్కకే ముట్టాయి.

నెల తిరక్కముందే అవ్వ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "మూడు దినాలు నాగలి గట్టిన చెల్క బిడ్డా, మీ కాయిదంల రెండున్నర దినాలకే ఎట్ల ఒడిసె?" అన్నది. పాత పహాణీ తీసి పక్కన పెట్టి చూస్తే చుక్క కంట పడింది. నా జీతంలోంచి ఇస్తానంటే, నా భూమి తిన్నది నువ్వా అని కసిరింది. పెద్దసారు దగ్గరికి పోతే, వేలిముద్ర పడ్డాక దాన్ని దిద్దేది కోర్టేనన్నారు. కానీ పదిహేను రోజులకు ఆయనే పిలిచి, తప్పును తానే తెచ్చి చూపేవాడు దొరకడని, నన్ను హన్మకొండలో లా చదివిస్తామని చెప్పారు. ఫీజులు వాళ్లవి, జీతం ఆగదు. మూడేళ్ల తర్వాత అయిదేళ్లు సంస్థ వకీలుగా ఉండాలి, అన్నాళ్లూ సంస్థకు ఎదురు నిలబడకూడదు.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిది. ఇల్లు జనగామలో, మా ఆవిడ టీచరుద్యోగం మహబూబాబాద్‌లో, నేను భూపాలపల్లిలో. వారానికొకసారి ఇంటికి వస్తూ హన్మకొండలో బస్సు మారేటప్పుడు ఆ కాలేజీ లోపలికి పోయి ఊరికే నిలబడి వచ్చేవాణ్ని. గేటు నుంచి లైబ్రరీ మెట్ల దాకా నూట పద్నాలుగు అడుగులు. కిటికీలోంచి పాత పుస్తకాల వాసన వచ్చేది, దాన్ని మాత్రం ఏ అంకెలోనూ వేయలేకపోయాను.

ఖర్చులు, ప్రయాణాలు, వయసు అన్నీ రెండు కాగితాల నిండా రాసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె వాటిని చూడనైనా చూడలేదు. "లెక్కలు నాకెందుకు చెప్తవ్? పోవాల్నని ఉన్నదా లేదా, గది చెప్పు" అన్నది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

అవ్వకూ చెప్పాను. వేరే వకీలును చూసుకొమ్మంటే వినలేదు. "తప్పు రాసినోనివి నువ్వు, దిద్దేటోనివి నువ్వే. పో, సదువుకో" అన్నది. ఎనిమిదేళ్ల దాకా నీ తరఫున నిలబడలేనే అంటే, పళ్లు లేని నోటితో నవ్వింది. "ఎనిమిదేండ్లేనా? నేనేడికి పోత బిడ్డా?"

నేను మాత్రం ఎనిమిదేళ్లు ఎక్కువనుకున్నాను. అన్నాళ్లు ఆమెకు ఎదురుపక్షాన ఎట్లా ఉండేదనీ అనుకున్నాను. అది నిజమే, కానీ భయానికి తొడిగిన చొక్కా కూడా అదే. వద్దని రాసిచ్చి, ఏడాదిలో ఆ ఉద్యోగం మానేసి జనగామ చేరాను. ఇప్పుడు రైతుల కాగితాలకు గుంటల లెక్కలు వేసిస్తూ బతుకుతున్నాను.

చదువుకు పోకపోయినా ఎనిమిదేళ్లూ గడిచాయి. ఒప్పుకుని ఉంటే ఈ నెలతో నా అయిదేళ్లు తీరేవి. ఇంత కాలానికి అవ్వ తరఫున దావా వేస్తే కోర్టు వింటుందో లేదో నాకు తెలియదు. అది తెలియడానికే కదా ఆ చదువు. ఇప్పుడు కంప్యూటర్లో ఎకరాలకో గడి, గుంటలకో గడి విడివిడిగా వస్తున్నాయి, నాలాంటి తప్పు ఎవరైనా చేద్దామన్నా పడదు. అడ్డగీతతో పనే లేకుండా పోయింది. అవ్వ మాత్రం అన్నమాట ప్రకారం ఎక్కడికీ పోలేదు. ఆ మధ్య భూపాలపల్లి బస్టాండులో కలిసి, భూమి ఊసెత్తకుండా, "కోటు గుట్టించినవా బిడ్డా?" అని అడిగింది.

కోటు విప్పి దర్జీకిచ్చాను. అవ్వకు నేనింకా బాకీ పడి ఉన్నది పన్నెండు గుంటలు.