డ్రిల్లు మాస్టారి శుక్రవారాలు

మా వీధి డ్రిల్లు మాస్టారు పోయారు. తాడేపల్లిగూడెంలో కూతురింటికని వెళ్ళినాయన అక్కడే గుండెపోటుతో పోయారని మొన్న ఉదయం ఫోనొచ్చింది. అప్పుడు మా అమ్మాయి బడికి జడ వేయించుకుంటోంది. విషయం చెప్పగానే సగం జడతోనే లేచి వెళ్ళి, తాళం వేసి ఉన్న మాస్టారి గుమ్మం ముందు కూర్చుంది. ఆ రోజు బడికి వెళ్ళలేదు, నేనూ వెళ్ళమనలేదు.

మాది కొల్లేటి ఒడ్డున ఊరు. మా ఆయన చేపల చెరువుల మీద పని చేస్తారు. మాస్టారు మా పక్కింటాయన. హైస్కూల్లో ఎన్నో ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరయ్యారు. రిటైరయ్యాక అదే డ్రిల్లు మా చేత మొదలుపెట్టారు. ప్రతి శుక్రవారం పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని వీధిలోకి వచ్చేవారు. డ్రమ్ములు, తొట్లు, పూలకుండీల కింద పళ్ళేలు, నీళ్ళు నిలిచినది ఏది కనబడినా దోమలు పుట్టకుండా బోర్లించవలసిందే. వాకిట్లో నిలబడి "ఏవండీ, వస్తున్నానండీ" అనేవారు గానీ, రమ్మనేదాకా ఆగేవారు కాదు. ఒకటో తరగతి పిల్లల్ని కూడా 'అండీ' అని పిలిచే మనిషి కాబట్టి ఆయన మీద కోప్పడడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు.

నాకు మాత్రం వచ్చేది. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, పట్టి ఉంచుకున్న నీళ్ళు పారబోస్తే మండదా? ఒకసారి మొహం మీదే అనేశాను. మర్నాడు ఆయనే రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చి మా గట్టు మీద పెట్టి, పైన గుడ్డలు బిగించి కట్టి వెళ్ళారు. ఆ తర్వాత మూత పెట్టడం ఎప్పుడూ మరచిపోలేదని చెప్పను గానీ, ఆ రోజు సిగ్గుపడ్డ మాట నిజం.

దోమలు చెరువుల్లోంచీ మురుక్కాలవల్లోంచీ వస్తాయని మా అందరికీ గట్టి నమ్మకం. రాత్రి పిల్లలకి దోమతెర కడితే ఇక భయం లేదనుకునేవాళ్ళం. చేపల్ని ఐసులో సర్దే థర్మోకోల్ పెట్టెల్ని మళ్ళీ పనికొస్తాయని పెరట్లో గోడ వారన పేర్చుకోవడం మా అలవాటు. ఓ వానాకాలం మాస్టారు మా ఆయన్ని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళారు. ఒక పెట్టెలో నిలిచిన వాన నీళ్ళు చూపించారు. నీళ్ళు తేటగా ఉన్నాయి, అందులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"చెరువులో అయితే వీటిని చేపలు తినేస్తాయండీ. మీరిక్కడ చేపల్లేని చెరువు పెంచుతున్నారు," అన్నారు.

డెంగీ దోమ పగలే కుడుతుందనీ, బడికెళ్ళే పిల్లలకి కాళ్ళూ చేతులూ కప్పే బట్టలు వెయ్యాలనీ అప్పుడే చెప్పారు. మా ఆయన నవ్వేసి, పెట్టెలు తర్వాత తీసేస్తానన్నారు. ఆ 'తర్వాత' రాకముందే మా అమ్మాయికి జ్వరం వచ్చింది.

అప్పుడు దానికి ఏడేళ్ళు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. నీళ్ళూ మజ్జిగా బాగా పట్టమనీ, రోజూ తీసుకొచ్చి చూపించమనీ డాక్టరు చెప్పారు. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయింది. అయిదో రోజు పొద్దున చూస్తే చల్లబడి ఉంది. హమ్మయ్య అనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. జ్వరం వదిలాక తలకి పోయడం మా ఇంట్లో ఆనవాయితీ. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. పిల్ల కడుపునొప్పి అంటోంది, రెండుసార్లు వాంతి కూడా చేసుకుంది. నీరసం వల్లే అనుకున్నాను. ఇవాళ్టికి డాక్టరు దగ్గరికి ఎందుకులే అని కూడా అనుకున్నాను.

అది శుక్రవారం. మామూలుగా పెరట్లోకి వచ్చిన మాస్టారు పొయ్యి మీద నీళ్ళు చూసి ఎందుకని అడిగారు. చెప్పాను. ఆయన గబగబా లోపలికి వచ్చి పిల్ల చేతులు పట్టుకుని చూశారు. ఐసు ముక్కల్లా ఉన్నాయి. రాత్రి నుంచి ఒంటేలుకి వెళ్ళిందా అని అడిగారు. ఆలోచిస్తే, వెళ్ళలేదు.

"స్నానం వద్దండీ. ఇప్పుడే ఏలూరు వెళ్దాం," అన్నారు.

జ్వరం తగ్గిపోయింది కదండీ అన్నాను, ఇంకా అర్థంకాక.

"తగ్గినప్పుడే కాపలా కాయాలమ్మా. మా మనవరాలికీ తగ్గింది. మేమూ తలకి పోశాం."

తాడేపల్లిగూడెంలో ఆయన మనవరాలు జ్వరంతో పోయిందని మాకు తెలుసు. ఎలా పోయిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. కారులో ఏలూరు దాకా పిల్ల తల నా ఒళ్ళో, పాదాలు ఆయన ఒళ్ళో. ఆస్పత్రిలో చూసీచూడగానే సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే దక్కేది కాదని డాక్టరమ్మ అన్నారు. మా అమ్మాయి ఇవాళ నా ఎదురుగా కూర్చుని లెక్కలు చేసుకుంటోందంటే అది మాస్టారి చలవే. మూడో రోజుకి అది లేచి ఇడ్లీ అడిగింది. ఆ రోజే మా ఆయన ఇంటికి వెళ్ళి పెరట్లో పెట్టెలన్నీ ఖాళీ చేశారు. ఏడుస్తూ చేశారని పక్కవాళ్ళు చెప్పారు.

ఇంటికొచ్చిన వారానికి, డాక్టరమ్మ సరేనన్నాక, దానికి తలకి పోసి బీరకాయ కూరతో పథ్యం పెట్టాను. మాస్టారినీ, ఆయన భార్య పిన్నిగారినీ భోజనానికి పిలిచాను. కూర చూసి పిన్నిగారు నా చెయ్యి నొక్కి పట్టుకున్నారు. మనవరాలికి ఆఖరిసారి పెట్టిన పథ్యం అదేనట. అప్పటి నుంచి వాళ్ళింట్లో బీరకాయ వండలేదట. నాకు తెలియదు. గిన్నె వెనక్కి తీయబోతే మాస్టారు వద్దని, తన కంచం ముందుకు జరిపారు. కూర కలిపి, మొదటి ముద్ద చేత్తో పట్టుకుని, పక్కన కూర్చుని తింటున్న మా అమ్మాయినే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. అది మారు అన్నం అడిగింది. అప్పుడు ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు.