బండి ముఖం రోడ్డు వైపు

మా తాత పోయారు. మొన్న ఆదివారం ఉదయం చర్చికి తయారై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. మంచం పట్టలేదు, ఎవరి చేతా సేవ చేయించుకోలేదు. మా మామ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "ప్రయాణానికి తయారయ్యే ఎల్లిపోనారు" అంది.

నర్సీపట్నంలో లారీలతో పని ఉన్నవాళ్ళకి ఆయన తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక డ్రైవరు గురించి ఇంత రాయాలా అని ఎవరైనా అనుకుంటే ఒక్కసారి మీ ఇల్లు చూసుకోండి. ఉప్పు, సిమెంటు, పిల్లల పుస్తకాలు, ఏదీ తనంతట తాను నడిచి రాలేదు. ఎవరో నిద్ర ఆపుకుని తెచ్చారు. మా ప్రాంతపు బెల్లమూ జీడిపిక్కలూ నలుగురికీ చేరాయంటే అందులో మా తాత చెమట ఉంది. ఇది నేను తగ్గించి చెప్పను.

అయితే ఆయన పొట్ట కోసమే బండి నడిపారంటే అబద్ధమవుతుంది. ఆయనకి రోడ్డంటే ప్రేమ. వేసవి సెలవుల్లో నన్ను లారీలో పక్కన కూర్చోబెట్టుకునేవారు. కోటవురట్ల దాటి, నక్కపల్లి దగ్గర హైవే ఎక్కగానే చెప్పులు విప్పి సీటు కిందికి తోసేసేవారు. ఎందుకు తాతా అంటే, "నేల ఎలాగుందో కాలికి తెలియాల" అనేవారు. బయలుదేరే ముందు స్టీరింగ్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవారు, కళ్ళు తెరిచే. "డ్రైవరు కళ్ళు మూసుకుంటే దేవుడికి పని ఎక్కువైపోతాదిరా."

లారీ మానేశాక పాత మోపెడ్ ఒకటి కొన్నారు. దాని మీద పాయకరావుపేట దాకా వెళ్ళి, తాండవ వంతెన దగ్గర టీ తాగి, వచ్చే పోయే బండ్లను కాసేపు చూసి తిరిగొచ్చేవారు. అక్కడ పనేమిటంటే పనేమీ లేదు. ఓసారి నేను వెనక కూర్చుని వెళ్ళాను. సంచిలో మేం కుర్రాళ్ళం అచ్చు వేయించిన కరపత్రాలున్నాయి. టీ చల్లారేదాకా ఆయన ఒకటి మొత్తం చదివారు.

"ఏరా లీడరూ, అందరం ముందుకెల్లాల, ముందుకెల్లాల అని రాసేవు. ఎక్కడికో సెప్పలేదేటి?"

"సమానత్వం వైపు తాతా."

"దారి బాగుంతాదా?"

"దారి లేదు. మనమే వేసుకోవాలి."

"మరైతే బేగి ఎయ్యండి. నాకు లైసెన్సు ఉండగానే ఓ ట్రిప్పు ఏస్తాను."

నా రాతల్ని చూసి నవ్వినవాళ్ళున్నారు, భయపడినవాళ్ళున్నారు. బండి కడతానన్నది ఆయనొక్కరే.

ఇంటి దగ్గర ఆయనకో నియమం ఉండేది. మా వీధి ఇరుకు, చివర మూసుకుపోయిన సందు. ఎంత దూరం నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, లారీని మెయిన్ రోడ్డు మీదే తిప్పి, వెనక్కి నడుపుతూ సందులోకి తెచ్చేవారు. బండి ముఖం ఎప్పుడూ రోడ్డు వైపే ఉండాలి. "ఒచ్చినప్పుడే ఎల్లడానికి సిద్ధం సేసుకోవాల. ఇల్లు ఒదిలేటప్పుడు మనిషి ముందుకు సూస్తా ఎల్లాల." వీధిలో ఎవరికి నొప్పి వచ్చినా మా గుమ్మానికే పరిగెత్తేవారు. మా నాన్న పుట్టిన రోజూ అంతేనట. "బండి తిరిగి ఉండబట్టి హాస్పిటల్లో పుట్టేను, లేపోతే సందులోనే పుట్టీవోణ్ణి" అని నాన్నే చెబుతాడు.

బయలుదేరేటప్పుడు మామ్మ వచ్చి బండి వెనక అరచేత్తో రెండు దెబ్బలు వేసేది. లారీ క్లీనర్ల లెక్కలో ఒక దెబ్బంటే ఆపు, రెండంటే పోనీ. మోపెడ్ వచ్చాక కూడా ఆమె వెనక సీటు మీద రెండు దెబ్బలు వేస్తేనే తాత కదిలేవారు.

ఇక సోమవారం సంగతి. తాతని చర్చికి తీసుకెళ్ళే వ్యాన్ వచ్చింది. కొత్త డ్రైవరు, తెలియక ముక్కు ముందుకు పెట్టి సందులోకి తెచ్చేశాడు. పెట్టె ఎక్కించాక వెనక్కి వెనక్కి రోడ్డు దాకా పోవాలి. బ్రతుకంతా ముఖం ముందుకు పెట్టి ఇల్లు వదిలిన మనిషిని ఆఖరి రోజున వెనక్కి లాక్కుపోతారా? బండి తిప్పి తెమ్మన్నాను. పైన వైర్లున్నాయి, రోడ్డు మీద రద్దీ ఉంది, నా వల్ల కాదన్నాడు డ్రైవరు.

పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "బాబూ, టైము అయిపోతంది. ఎటు తిరిగుంటే ఏటి? ఆయన ఆత్మ ఎప్పుడో ప్రభువు దగ్గరికెల్లిపోనాది."

"ఆత్మ సంగతి మీరు చూసుకోండి అయ్యగారూ. బండి సంగతి మాది."

గొంతు పెద్దదే అయింది. అప్పుడు మా నాన్న లేచాడు. స్కూల్లో గుమాస్తా ఆయన, నా మీద అరుస్తాడనుకున్నాను. డ్రైవరు ముందు చెయ్యి చాపి, "తాళం ఇయ్యి బాబూ. నాను తిప్పుతాను" అన్నాడు.

అందరూ ఎదురింటి గోడ వైపు చూశారు. నాన్న కుర్రతనంలో తాత దగ్గర బండి నేర్చుకుంటూ రివర్సులో ఆ గోడనే గీరేశాడు. గీత ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టింది సంతకి, పెళ్ళికి, అదీ ముందుకు నడిపితే సరిపోయే చోటికే. తాత ఏనాడూ ఆ గీత గురించి ఎత్తిపొడవలేదు.

నాన్న వ్యాన్‌ని రోడ్డు దాకా తీసి, తిప్పి, వెనక్కి రావడం మొదలుపెట్టాడు. తాతతో లారీలు నడిపిన ముసలాయన ఒకరు ముందుకొచ్చి చెయ్యి ఊపారు. "రానీ... రానీ... కొంచెం కుడికి. ఒరే, ఆ గోడ దగ్గర ఎవరైనా నిలబడండ్రా, దానికి ఈయనంటే బయ్యం."

శవం ఉన్న ఇంటి ముందు జనం నవ్వారు. నాన్న కూడా అద్దంలో నవ్వడం చూశాను. గోడకి బెత్తెడు దూరంలో వ్యాన్ జారి, మా గుమ్మం ముందు ఆగింది. ముఖం రోడ్డు వైపు. మా తాతని చూసి ఎప్పుడూ ఎంత గర్వపడేవాణ్ణో, ఆ క్షణాన మా నాన్నని చూసీ అంతే గర్వపడ్డాను.

పెట్టె ఎక్కించి వెనక తలుపు వేశారు. నాన్న స్టీరింగ్ దగ్గరే ఉండిపోయాడు, ఇంజను ఆడుతోంది, కదల్లేదు. ఎందుకో ఆయనకీ నాకూ తెలుసు. మామ్మ మెల్లగా మెట్లు దిగి వచ్చింది. దుమ్ము పట్టిన తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఒక దెబ్బ వేసింది. ఆగిపోయింది.

రెండో దెబ్బ వేసింది.

వ్యాన్ ముందుకు కదిలింది. మెయిన్ రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఆ తలుపు మీద ఆమె అరచేతి గుర్తు కనిపిస్తూనే ఉంది.